తూకానికి అందని కండ

మధుమేహ చరిత్రను చాలాకాలంగా చక్కెర చరిత్రగానే రాస్తూ వచ్చారు. మూత్రంలోని తీపిని గుర్తించడం, ఆ తీపికి కారణం చక్కెరేనని రసాయన పరీక్షతో తేల్చడం, క్లోమం తీసివేసిన కుక్కకు అదే వ్యాధి రావడం, 1922లో ఇన్సులిన్ మనుషుల ప్రాణాలు నిలపడం అనే వరుసలోనే ఆ కథ సాగుతుంది. అయితే ఈ వ్యాధిని తొలినాళ్లలో చూసిన వైద్యులకు తీపితో పాటు కొట్టొచ్చినట్టు కనబడింది రోగి ఒంటి మీది కండ కరిగిపోవడం. కాలక్రమంలో వైద్యం చక్కెరను కొలవడం నేర్చింది, బరువునూ రక్తపోటునూ కొలెస్టరాల్‌నూ కొలవడం నేర్చింది. కండను కొలవడం మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా వైద్యుడి దినచర్యలోకి రాలేదు. కొలతకు అందనిదానికి వైద్యశాస్త్రంలో చోటు దొరకడం కష్టం కనుక, మధుమేహ రోగి గుండెకు పొంచి ఉన్న ముప్పును లెక్కగట్టేటప్పుడు కొవ్వుకు దక్కిన శ్రద్ధలో పదోవంతు కూడా కండకు దక్కలేదు. ఈ నిర్లక్ష్యం వల్ల ఎక్కువగా నష్టపోయినవారిలో భారతీయులు ముందువరుసలో ఉన్నారు. చూపుకు సన్నగా ఉంటూనే లోపల కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండే శరీరాలు వారిలో చాలామందివి.

క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటివాడని పండితులు భావించే కప్పడోషియా వైద్యుడు అరిటేయస్, ఈ వ్యాధిలో మాంసమూ అవయవాలూ కరిగి నీరై మూత్రంగా వెళ్లిపోతాయని గ్రీకు భాషలో వర్ణించాడు. భారతీయ వైద్య సంహితలు ఇదే వ్యాధిని ప్రమేహం అనే పెద్ద గుంపులో చేర్చి, దాని చివరి దశను మధుమేహం అన్నాయి. దోషాలు చెరిచే ధాతువులను లెక్కించేటప్పుడు చరక సంహిత గట్టిదనం లేకుండా అతిగా పెరిగిన మేదస్సుతో పాటు మాంసాన్ని కూడా పేర్కొంది. సుఖాసనానికీ నిద్రకూ అలవాటుపడటం, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు అతిగా తినడం దీనికి దారితీస్తాయని చెప్పింది. సుశ్రుత సంహిత మరో అడుగు వేసి, పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది ఒకటి అని ప్రమేహాన్ని రెండుగా విడదీసింది. మొదటి రకం రోగి కృశించి, ఒళ్లు పొడిబారి, తక్కువ తింటూ, దాహంతో అల్లాడేవాడు. రెండో రకం రోగి స్థూలకాయుడు, తిండిపుష్టి గలవాడు, పడకకూ ఆసనానికీ అంటిపెట్టుకుని ఉండేవాడు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ఈ రెండో రకం రోగికి చెప్పిన చికిత్స నేటి పాఠకుణ్ణి ఆశ్చర్యపరిచేంత నిర్దిష్టంగా ఉంటుంది. ధనమూ బంధువులూ లేని రోగి చెప్పులు, గొడుగు విడిచిపెట్టి, భిక్ష తింటూ, ఒక్కో ఊళ్లో ఒక్క రాత్రి మాత్రమే ఉంటూ, మునిలా నియమంగా నూరు యోజనాలు, కుదిరితే అంతకు మించి నడవాలని ఆ గ్రంథం విధించింది. గోవుల వెంట తిరగడం, బావి తవ్వడం వంటి కాయకష్టాలనూ చికిత్సగానే లెక్కించింది. కృశించినవాడి విషయంలో మాత్రం స్వరం మారుతుంది. అతణ్ణి అనుక్షణం కాపాడుకోవాలనీ బలం పెరిగే ఆహారం ఇవ్వాలనీ ఆనాటి వైద్యులు భావించారు. ఈ విభజనను చూడగానే నేటి టైప్ 1, టైప్ 2 మధుమేహాలతో ముడిపెట్టడం వ్యాసకర్తలకు అలవాటైంది గానీ ఆ పోలిక అన్నిచోట్లా అతకదు. అంతకంటే విలువైన సంగతి, చికిత్సను నిర్ణయించేటప్పుడు ఆ వైద్యులు మూత్రం ఒక్కదాన్నే చూడక రోగి ఒంటిని కూడా చూశారన్నది.

అయితే ఈ విభజనలో ఒక లోపం కూడా దాగి ఉంది. చరక సంహిత ప్రమేహ చికిత్సాధ్యాయంలో స్థూలకాయుడిని బలవంతుడితోనూ, కృశుడిని దుర్బలుడితోనూ జతకట్టింది. అదే సంహిత సూత్రస్థానంలో అతిస్థౌల్యాన్ని వివరించే చోట మాత్రం, స్థూలకాయుడిలో మేదస్సు ఒక్కటే పెరుగుతుందనీ మిగతా ధాతువులకు పోషణ అందదనీ అందువల్ల అతడు దుర్బలుడవుతాడనీ చెప్పింది. లావుగా ఉన్నవాడే బలహీనుడు కావచ్చునన్న ఈ రెండో పరిశీలన మధుమేహ చికిత్సలోకి రాకుండా పక్కన ఉండిపోయింది. లావు అంటే బలం, సన్నం అంటే నీరసం అన్న జంట భావన ఊళ్లలో పిల్లల పెంపకం నుంచి ఆసుపత్రుల దాకా తరతరాలు రాజ్యమేలింది. ఆ జంటను విడగొట్టడానికి పట్టిన కాలమే ఒక రకంగా ఈ చరిత్ర అంతా.

యూరపులో పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల వైద్యులు ఇవే పరిశీలనలను మళ్లీ మొదటినుంచీ చేసుకోవలసి వచ్చింది. లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ 1776లో మూత్రంలోనే కాక రక్తపు ద్రవంలో కూడా తీపి ఉందని చూపి, ఒంటికి చేరవలసిన పోషణ మూత్రంలో కొట్టుకుపోతున్నందువల్లే రోగి చిక్కిపోతున్నాడని వివరించాడు. ఫ్రెంచి వైద్యుడు అపొలినేర్ బుషార్దా 1870-71 పారిస్ ముట్టడి నాటి తిండి కరువులో తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గడం గమనించాడు. కండకు పని చెప్పిన రోగులు పిండిపదార్థాలను మెరుగ్గా అరాయించుకుంటారని కూడా గ్రహించి, వ్యాయామాన్ని చికిత్సలో భాగం చేశాడు. మందులు లేని కాలంలో కండ చేసే పనిని చికిత్సగా పట్టుకున్న ఈ వైద్యుడికి వైద్యచరిత్రలో దక్కిన చోటు అతని అర్హతకు తగినంతగా లేదు. ఆ దేశంలోనే ఎతియెన్ లాన్సెరో కొద్ది కాలానికి బక్క మధుమేహం, లావు మధుమేహం అని రెండు రకాలను విడదీశాడు. సుశ్రుతుడి రోగులిద్దరూ మరో భాషలో మళ్లీ ప్రత్యక్షమయ్యారు.

కండ కరిగి మూత్రంలో పోతుందన్న అరిటేయస్ మాటకు ప్రయోగశాల నుంచి సాక్ష్యం దొరికిన తీరు దగ్గరగా చూడదగినది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని పూర్తిగా తొలగించగా దానికి తీవ్రమైన మధుమేహం వచ్చింది. అటువంటి కుక్కలకు పిండిపదార్థాలు ఏమీ పెట్టకపోయినా మూత్రంలో చక్కెర ఆగలేదు. ఆ చక్కెర ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు మూత్రంలోని నత్రజనిని కొలిచారు. మాంసకృత్తులు విరిగినప్పుడు వాటిలోని నత్రజని మూత్రంలోకే వస్తుంది గనుక, ఎంత నత్రజని కనబడితే అంత మాంసకృత్తు విరిగిందని లెక్క. మింకోవ్‌స్కీ కుక్కల్లో ప్రతి గ్రాము నత్రజనికి సుమారు 2.8 గ్రాముల చక్కెర బయటికి వచ్చింది. అమెరికన్ పోషకాహార శాస్త్రజ్ఞుడు గ్రాహం లస్క్, మూత్రపిండాల ద్వారా చక్కెరను బయటికి తోసే ఫ్లోరిజిన్ అనే పదార్థం ఇచ్చిన కుక్కల్లో ఆ నిష్పత్తి 3.65 దాకా ఉంటుందని చూపాడు. ఒక గ్రాము నత్రజని సుమారు ఆరుంపావు గ్రాముల మాంసకృత్తు నుంచి వస్తుంది. అంటే ఫ్లోరిజిన్ కుక్కల్లో విరిగిన మాంసకృత్తులో సగానికి మించిన భాగం చక్కెరగా మారి వృథాగా పోతున్నదన్నమాట. తిండి నుంచి రాకపోతే ఆ మాంసకృత్తు కండ నుంచి రావలసిందే.

ఇంత తెలిసిన తరువాత కూడా ఇన్సులిన్‌కు ముందటి దశాబ్దంలో వైద్యుల చేతిలో ఉన్న ఆయుధం ఉపవాసమే. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ అలెన్ రూపొందించిన ఆకలి చికిత్సలో, మూత్రంలో చక్కెర మాయమయ్యేదాకా రోగిని పస్తుంచి, ఆపైన బతకడానికి చాలీచాలని తిండి మాత్రమే పెట్టేవారు. ఆ చికిత్స పిల్లల మరణాన్ని కొన్ని నెలలో, ఏళ్లో వాయిదా వేసింది, కానీ వాళ్ల ఒంటి మీద కండ అన్నది మిగల్చలేదు. అమెరికా విదేశాంగ మంత్రి కుమార్తె ఎలిజబెత్ హ్యూస్ 1922 ఆగస్టులో టొరంటో చేరేనాటికి ఆమెకు పదిహేనో ఏడు నిండబోతున్నది. ఆమె బరువు 45 పౌండ్లు, అంటే ఇరవై కిలోలు. అంతకు ఏడు నెలల ముందు, జనవరి 11న, అదే నగరంలో తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ పొందిన పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్ బరువు 65 పౌండ్లు. ఆ తరువాతి నెలల్లో వెలువడిన జంట ఫోటోల్లో ఒకదానిలో ఎముకలగూడులా ఉన్న మూడేళ్ల పిల్లవాడు తల్లి చేతుల్లో కనిపిస్తాడు. 1922 డిసెంబరులో 15 పౌండ్లున్న ఆ బిడ్డ రెండు నెలలకే 29 పౌండ్లకు చేరి బుగ్గలు నిండిన రూపంతో రెండో ఫోటోలో ఉంటాడు. చక్కెరను కణాల్లోకి పంపడంతో పాటు కండలోని మాంసకృత్తులు విరగకుండా కాపు కాయడం కూడా ఇన్సులిన్ పని. ఆ రెండో పనికి ఆ ఫోటోలను మించిన నిదర్శనం లేదు. ఎలిజబెత్ హ్యూస్ 1981 దాకా బతికింది.

ఆ విజయంతోనే కండ సంగతి తీరిపోయిందని వైద్యలోకం భావించింది. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జాస్లిన్ 1921లోనే మధుమేహానికి ఊబకాయమే ముఖ్యమైన ముందస్తు కారణమని రాశాడు. ఇన్సులిన్ వచ్చాక కోమా మరణాలు తగ్గి, ఎక్కువకాలం బతికిన రోగులు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం మొదలుకావడంతో వైద్యుల చూపంతా ధమనుల వైపూ కొవ్వు వైపూ మళ్లింది. అది సహేతుకమైన మళ్లింపే గానీ, లావుపాటి రోగిలో కండ ఏమవుతున్నదన్న ప్రశ్న అడిగేవారు లేకపోయారు.

కండరాల రసాయనశాస్త్రం మాత్రం వేరే దారిలో వేగంగా సాగింది. అందులో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్నీ, 1929లో ఏటీపీ అనే శక్తివాహకాన్నీ వారు గుర్తించారు. ఏటీపీని అదే ఏట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. కండ ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతానికి 1922 నోబెల్ బహుమతి వచ్చి అయిదేళ్లయినా కాకముందే ఆ సిద్ధాంతాన్ని మళ్లీ పరిశీలించుకోవలసిన అవసరం ఈ పరిశోధనల వల్ల ఏర్పడింది. కండ చక్కెరనూ కొవ్వునూ ఇంధనంగా వాడుకునే పెద్ద కర్మాగారమన్న అవగాహనకు ఇటువంటి పనులే పునాది.

లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ 1936లో రోగులకు చక్కెరనూ ఇన్సులిన్‌నూ ఒకేసారి ఇచ్చి చూడగా, కొందరిలో ఇన్సులిన్ వెంటనే పనిచేసింది, మరికొందరిలో చేయలేదు. ఈ రెండో రకంవారిలో ఇన్సులిన్ లోపించలేదనీ శరీరం దాని మాట వినడం లేదనీ ఆయన గ్రహించాడు. దీన్నే తరువాత ఇన్సులిన్ నిరోధకత అన్నారు. రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతిని రొజలిన్ యాలో, సాల్మన్ బర్సన్ 1960 ప్రాంతంలో రూపొందించాక, లావుపాటి రోగుల్లో అది తక్కువ కాదు సరికదా ఎక్కువే ఉండవచ్చునని తేలింది. 1979లో రాల్ఫ్ డీఫ్రాంజో బృందం వివరించిన క్లాంప్ పరీక్ష, అంటే ఇన్సులిన్‌ను ఒకే స్థాయిలో ఎక్కిస్తూ రక్తంలో చక్కెర పడిపోకుండా గ్లూకోజు ఇస్తూ ఆ మోతాదును బట్టి శరీరం ఎంత వాడుకుంటున్నదో లెక్కించే పద్ధతి, అసలు సమస్య ఎక్కడుందో చూపింది. ఆ పరీక్షలో రక్తం నుంచి తొలగే చక్కెరలో అత్యధిక భాగాన్ని తీసుకునేది కండరమే. నిరోధకత ముఖ్యంగా కనిపించేదీ కండరంలోనే. మధుమేహాన్ని క్లోమపు వ్యాధిగా చూడటానికి అలవాటుపడిన శాస్త్రానికి ఇది పెద్ద మలుపు.

ఈ పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే కండకూ కొవ్వుకూ గుండెకూ మధ్య ఉన్న లంకె ఇలా తేలుతుంది. భోజనం తరువాత వచ్చే చక్కెరకు కండరమే పెద్ద గాదె. కండ తగ్గితే గాదె చిన్నదవుతుంది, మిగిలిన చక్కెర కాలేయంలో కొవ్వుగా మారే అవకాశం పెరుగుతుంది. పొట్టలోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి అక్కడ నుంచి ధమనులకు హాని చేసే కొవ్వులను పెంచుతాయి. కండరపు పోగుల మధ్య చేరిన కొవ్వు ఆ కండరాన్నే ఇన్సులిన్‌కు మొండికేసేలా చేస్తుంది. ఇన్సులిన్ ఆజ్ఞ చెల్లని కండలో మాంసకృత్తులు కట్టుకోవడం మందగిస్తుంది, కండ మరింత తగ్గుతుంది, తగ్గిన కండతో మనిషి మరింత తక్కువగా కదులుతాడు. ఈ సుడిగుండంలో ఎక్కడ మొదలైనా చివరికి దెబ్బ తగిలేది గుండెకే.

గుండె వైపు నుంచి కూడా ఇవే సూచనలు వస్తూ వచ్చాయి. 1947లో మార్సే నగర వైద్యుడు జాన్ వాగ్, నడుము పైభాగంలో కొవ్వు చేరే పురుషలక్షణ స్థౌల్యానికే మధుమేహంతోనూ ధమనుల వ్యాధితోనూ సంబంధం ఉందనీ, తుంటి, తొడల్లో కొవ్వు చేరే స్థౌల్యానికి అంతగా లేదనీ ప్రకటించాడు. అతడు వాడిన కొలతలో చేతిలోనూ తొడలోనూ కొవ్వుకూ కండకూ గల నిష్పత్తి ఉంది. తరువాతివారు దానిలోంచి కొవ్వును తీసుకుని కండను వదిలేశారు. లండన్‌లో జెర్రీ మోరిస్ 1953లో ప్రచురించిన పరిశీలనలో, రోజంతా కూర్చుని నడిపే బస్సు డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సుల్లో రోజుకు వందలాది మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. మూడేళ్లకు ఆయన బృందం రవాణా సంస్థ ఇచ్చే యూనిఫారాల కొలతలు తిరగేసి, డ్రైవర్ల ప్యాంట్ల నడుము చుట్టుకొలత కండక్టర్ల కంటే ఎక్కువని చూపింది. దర్జీ పుస్తకాల్లో ఉన్న ఆ అంకెలు ఆనాటి ఏ ఆసుపత్రి తూకం కన్నా ఎక్కువ చెప్పాయి. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం మధుమేహం గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పును రెండు మూడు రెట్లు పెంచుతుందని 1979లో నిర్ధారించింది. 1998లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఏడేళ్ల అధ్యయనం, గుండెపోటు ఎన్నడూ రాని మధుమేహ రోగికి ఉన్న ముప్పు, మధుమేహం లేకుండా ఒకసారి గుండెపోటు వచ్చిన వ్యక్తి ముప్పుతో ఇంచుమించు సమానమని చెప్పి వైద్యులను కలవరపరిచింది.

ఇంతలో ఊబకాయాన్ని నిర్ణయించే కొలతగా ప్రపంచమంతా స్థిరపడిన బాడీ మాస్ ఇండెక్స్, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే అంకె, అసలు వైద్యుడు కనిపెట్టినది కాదు. బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెటిలే 1830ల్లో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి ఆ లెక్క వేశాడు. 1972లో ఆన్సెల్ కీస్ జనసమూహాల అధ్యయనానికి పనికొస్తుందని దానికి నేటి పేరు పెట్టాడు. జనసమూహానికి ఉద్దేశించిన అంకె కొద్ది కాలానికే ఒక్కొక్క రోగి చీటీ మీదికి చేరింది. ఐదడుగుల అయిదంగుళాల ఎత్తు, అరవై కిలోల బరువు ఉన్న ఇద్దరిలో ఒకరు పొలంలో పనిచేసి కండపట్టినవారు, మరొకరు ఇరవయ్యేళ్లుగా కుర్చీలో కూర్చుని పొట్ట పెంచినవారు అయినా ఈ లెక్కకు ఇద్దరూ ఒకటే. ఒకే మనిషిలో పదేళ్లలో నాలుగు కిలోల కండ పోయి నాలుగు కిలోల కొవ్వు చేరినా తూకపు ముల్లు కదలదు, బరువు పెరగలేదని వైద్యుడూ రోగీ ఇద్దరూ సంతోషిస్తారు.

భారతదేశంలో ఈ అంకె చేసిన మోసం చాలా పెద్దది. పశ్చిమ లండన్‌లోని సౌతాల్ ప్రాంతంలో స్థిరపడిన దక్షిణాసియావారిని పరిశీలించిన పాల్ మెక్కీగ్ బృందం, యూరపువారితో పోలిస్తే వారిలో పొట్ట కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత, మధుమేహం ఎక్కువని 1991లో చూపింది. పుణె పరిసర గ్రామాల్లో 1993లో మొదలైన మాతృపోషణ అధ్యయనంలో చిత్తరంజన్ యాజ్నిక్ బృందం మరింత వెనక్కి వెళ్లి పుట్టిన బిడ్డలనే కొలిచింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. పుణె శిశువుల్లో కండ బాగా తక్కువ, చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు ఆ స్థాయిలోనే నిలిచి ఉంది. సన్నగా ఉన్న బిడ్డలోనే కొవ్వు పాలు ఎక్కువన్న ఈ పరిశీలన, లావు-సన్నం అన్న పాత జంట భావనను తొట్టెలోనే తలకిందులు చేసింది. 2004లో యాజ్నిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ తమ ఇద్దరి ఫోటోలను పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ 22.3; ఎక్స్‌రే కిరణాలతో ఒంట్లోని కొవ్వును కొలిస్తే యుడ్‌కిన్‌లో 9.1 శాతం, యాజ్నిక్‌లో 21.2 శాతం. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఆసియావారి విషయంలో 25కు బదులు 23 నుంచే జాగ్రత్తపడాలని సూచించింది. గీత కిందికి జరిగింది గానీ, గీసిన కొలబద్ద మాత్రం కండకూ కొవ్వుకూ తేడా చూపనిదిగానే మిగిలింది.

సన్నని ఒంట్లో ఈ ముప్పు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు తెలంగాణ గ్రామాల నుంచి వచ్చిన సమాధానం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కూనూరులో 1918లో బెరిబెరి విచారణగా మొదలైన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా స్థిరపడింది. ఆ బెరిబెరి, పాలిష్ పట్టిన బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో కండనూ గుండెనూ కలిపి దెబ్బతీసిన జబ్బు. ఈ సంస్థ 1987 నుంచి 1990 దాకా హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో ఒక పరీక్ష నడిపింది. అంగన్‌వాడీ పథకం అమలైన గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా పెట్టారు. పథకం ఇంకా రాని గ్రామాలను పోలిక కోసం తీసుకున్నారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ పరీక్షించగా, ఉప్మా అందిన గ్రామాల పిల్లలు పోలిక గ్రామాల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, వారిలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉంది, ధమనుల బిగుసుదనమూ తక్కువగా ఉంది. ఒంటి కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2008లో ప్రచురితమైన ఈ ఫలితం, మధుమేహాన్నీ గుండె ముప్పునూ నడివయసు తిండి తప్పుగా మాత్రమే చూపి రోగిని నిందించేవారికి గట్టి జవాబు. తల్లి కడుపులోనూ తొలి ఏళ్లలోనూ అందిన తిండికి, లేదా అందని తిండికి, ధమనులు లెక్క రాసుకుంటాయి. 2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమంది మధుమేహులున్నారు. వారిలో ఎందరో తల్లుల ఆకలి కాలంలో పుట్టినవారు.

వయసుతో కండ తగ్గే స్థితికి సార్కోపీనియా అని అమెరికన్ వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1980ల చివర పేరు పెట్టేదాకా దానికి వైద్యంలో ఒక పేరంటూ లేదు, ముసలితనమని సరిపెట్టుకునేవారు. పేరు వచ్చాక కొలతలు వచ్చాయి. డెబ్బై నుంచి డెబ్బైతొమ్మిదేళ్ల మధ్యవారిని పిట్స్‌బర్గ్, మెంఫిస్ నగరాల్లో ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనంలో, మధుమేహం ఉన్నవారు లేనివారి కంటే వేగంగా కాలి బలాన్ని కోల్పోతున్నారని 2007లో వెల్లడైంది. తొడ కండ తరుగుదల ముఖ్యంగా మధుమేహమున్న స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. కొవ్వు పెరుగుతూ కండ తరిగే ఈ స్థితిని కండ తగ్గిన ఊబకాయం అంటున్నారు. సూత్రస్థానం చెప్పిన దుర్బలుడైన స్థూలకాయుడు ఇతడే. భారతదేశంతో సహా 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేలమంది పిడికిలి పట్టును కొలిచిన అధ్యయనం 2015లో వెలువడింది. పట్టు ప్రతి అయిదు కిలోలు తగ్గిన కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువగా ఉందనీ, మరణాన్ని సూచించడంలో పై రక్తపోటు కంటే పిడికిలి పట్టే మెరుగనీ అది తెలిపింది. పట్టు తగ్గడమే మరణానికి కారణమని దీనివల్ల రుజువు కాదు, కానీ రోగి చేతిలోనే ఉన్న ఈ సూచనను వైద్యులు చూడకపోవడానికి ఇక సాకు లేదు.

చికిత్స చరిత్ర కూడా ఇదే పాఠాన్ని ఆలస్యంగా నేర్చింది. అమెరికాలో అధిక బరువో ఊబకాయమో ఉన్న 5,145 మంది మధుమేహులతో నడిచిన లుక్ అహెడ్ పరీక్షలో తిండి తగ్గించి, ప్రధానంగా నడకతో బరువు తగ్గించినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గకపోవడంతో 2012లో దాన్ని ముందుగానే ఆపేశారు. రక్తంలో చక్కెర అదుపు, రక్తపోటు, నడకలో సత్తువ మెరుగైనందున ఆ శ్రమ వృథా అనడానికి లేదు; తూకం ఒక్కటే తగ్గితే గుండె కుదుటపడుతుందన్న ధీమా మాత్రం నిలవలేదు. చైనాలోని దాచింగ్ పట్టణంలో 1986లో మధుమేహపు అంచున ఉన్న 577 మందితో మొదలై ఆరేళ్లపాటు తిండి, వ్యాయామాల మీద నడిచిన ప్రయోగం ముప్పయ్యేళ్ల తరువాత గుండెజబ్బులనూ మరణాలనూ తగ్గించినట్టు తేలింది. బరువును అనూహ్యంగా తగ్గించే జీఎల్‌పీ-1 తరగతి ఇంజెక్షన్లలో లిరాగ్లూటైడ్, సెమాగ్లూటైడ్ వంటివి మధుమేహుల గుండెకు మేలు చేస్తాయని 2016 నుంచి వచ్చిన పెద్ద పరీక్షలు చూపాయి; అది నిజమైన ముందంజ. అయితే మధుమేహం లేని ఊబకాయులపై 2021లో ప్రకటించిన సెమాగ్లూటైడ్ పరీక్షలో, కొవ్వునూ కండనూ విడిగా కొలిచిన కొద్దిమందిలో, తగ్గిన బరువులో సుమారు అయిదింట రెండు వంతులు కొవ్వు కాని భాగమే. ఆ భాగమంతా కండ కాకపోయినా, పుట్టుకతోనే కండ తక్కువగా ఉన్న జనాభాలో ఈ మందులు విస్తరిస్తున్నప్పుడు ఆ లెక్కను రోగికి చెప్పకపోవడం తప్పు.

కండను తిరిగి కట్టుకోవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం 1990లోనే దొరికింది. బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో సగటున తొంభైయేళ్ల వయసున్న పదిమంది చేత మరియా ఫియాటరోన్ బృందం ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువులెత్తించింది. వారి బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ దాదాపు 9 శాతం పెరిగింది. వృద్ధ మధుమేహులపై 2002లో వెలువడిన పరీక్షలు ఇటువంటి బరువుల వ్యాయామం రక్తంలో చక్కెరను కూడా అదుపులోకి తెస్తుందని చూపాయి. ఇప్పుడు అమెరికన్ మధుమేహ సంఘం నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు బరువుల వ్యాయామాన్ని సిఫారసు చేస్తున్నది. ఆసియా నిపుణుల బృందం 2019లో నిర్ణయించిన హద్దుల ప్రకారం పిడికిలి పట్టు పురుషుల్లో 28 కిలోల కంటే, స్త్రీలలో 18 కిలోల కంటే తగ్గినా, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పట్టినా కండ తరుగుదలను అనుమానించాలి. గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే పరీక్షాపత్రంలో నడుము చుట్టుకొలతకు చోటుంది; ఈ కుర్చీ పరీక్షను దానికి జత చేయడానికి కావలసినది ఒక కుర్చీ, సెకన్ల ముల్లున్న ఒక గడియారం.